కొట్టనన్న కొత్త సారు మాట క్లాసు వింటుందా?

ఈ నెల 'బడి – పిల్లలు' శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం మీద ఉన్నాయి. ఒకటి కొత్తగా ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయుడిది, ఒకటి ఒక తల్లిది, మూడోది పదవీ విరమణకు దగ్గరపడిన ఉపాధ్యాయుడిది. ముగ్గురూ పేర్లు వేయవద్దన్నారు. మొదటి ఉత్తరానికే ఎక్కువ జాగా పట్టింది, మిగతా ఇద్దరూ ఏమీ అనుకోవద్దని మనవి.

ప్రశ్న: డీఎస్సీలో ఎంపికై పల్నాడు ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం స్కూల్ అసిస్టెంటుగా చేరాను. మా తొమ్మిదో తరగతిలో 58 మంది ఉన్నారు. మిరప కోతలు మొదలయ్యాయంటే సగం మంది బడికి రారు. వచ్చినవాళ్లలో ఊళ్లోని రెండు వర్గాల పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. పిల్లల మీద చెయ్యి చేసుకోకూడదని బీఈడీ చదివే రోజుల్లోనే నిశ్చయించుకున్నాను, మొదటి రోజు క్లాసులో ఆ మాట చెప్పాను కూడా. ఇప్పుడు నా పీరియడ్‌లో గోల పక్క గదుల్లోకి వినిపిస్తోంది. సీనియర్లు "మీ మంచితనం మా క్లాసుల్ని కూడా పాడు చేస్తోంది సార్" అంటున్నారు. హెచ్ఎం (ప్రధానోపాధ్యాయుడు) గారి సలహా మీద మరీ మితిమీరిన ముగ్గురిని పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడు) సారు దగ్గరకు పంపడం మొదలుపెట్టాక కాస్త సద్దుమణిగింది. స్టాఫ్ రూములో చట్టం మాట ఎత్తితే నవ్వి ఊరుకుంటున్నారు. కొట్టకుండా ఈ క్లాసును నడపడం సాధ్యమేనా? తోటివారు కొడుతుంటే నేను చూస్తూ ఊరుకోవాలా?

జవాబు: మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఒక వాక్యం దగ్గరే మొదలుపెట్టాలి. పీఈటీ సారు దగ్గరకు పంపిన ఆ ముగ్గురు అక్కడ ఏం తిని వస్తున్నారో మీకు తెలుసు, వెళ్లేవాళ్లకు తెలుసు, బెంచీల మీద మిగిలిన యాభై అయిదుగురికీ తెలుసు. దెబ్బ ఎవరి చేతి నుంచి పడిందని పిల్లలు చూడరు, ఎవరు పంపితే పడిందని చూస్తారు. కాబట్టి కొట్టని సారన్న పేరు వాళ్ల లెక్కలో మీకు లేదు. పైపెచ్చు, తన చేతికి మట్టి అంటకుండా పని కానిచ్చుకునే మనిషని మిమ్మల్ని అంచనా కట్టే ప్రమాదం ఉంది. ఈ పంపడాన్ని రేపటి నుంచే మానుకోండి. పీఈటీ గారిని విడిగా కలిసి, "వీళ్ల సంగతి ఇకమీదట నేనే చూసుకుంటాను సార్, మీకు శ్రమ ఇవ్వను" అని చెప్పండి చాలు, ఆయన తప్పులు ఎంచనక్కర్లేదు. గోల మళ్లీ పెరుగుతుంది, కొన్ని వారాల పాటు తగ్గే సూచన కూడా కనిపించకపోవచ్చు.

అలా పెరగడానికి కారణం మీ చేతకానితనం కాదు. ఒకటో తరగతి నుంచి ఈ పిల్లలకు తెలిసిన గుర్తు ఒక్కటే: బెత్తం బల్ల మీద ఉంటే నోరు మూసుకోవాలి, లేకపోతే ఏమైనా చేయవచ్చు. మిగతా పీరియడ్లన్నీ బిగబట్టుకుని కూర్చున్న క్లాసుకు మీ పీరియడ్ ఊపిరి వదిలే వేళ అయింది. దాన్ని మీ మీద అగౌరవంగా తీసుకోకండి. అయితే "నేను కొట్టను" అని మొదటి రోజే ప్రకటించడం మాత్రం తొందరపాటే. పద్నాలుగేళ్ల పిల్లలు ఆ మాటను పందెంలాగా వింటారు, ఈయన ఎంతవరకు ఓర్చుకుంటాడో చూద్దామనుకుంటారు. ఆ మాట ఇక మళ్లీ ఎత్తకండి. మీరు ఏం చేయరో వాళ్లకు తెలిసిపోయింది, ఏం చేస్తారో ఇంకా తెలియదు.

హాజరు పిలిచే నాలుగైదు నిమిషాల్లోనే క్లాసు చేజారుతుంది. అందుకని గదిలోకి అడుగు పెట్టగానే నల్లబల్ల మీద ఒక పని రాసేసి, పిల్లలు అందులో పడ్డాక హాజరు పట్టీ తీయండి. మీ సబ్జెక్టుకు అది తేలికే: నోటు పుస్తకంలో కృష్ణా నది పారే దారి గీసి శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ వరుసగా గుర్తించమనండి. పల్నాడు పిల్లలకు సాగర్ కాలువ నీళ్లు ఎప్పుడు వదులుతారో మీకన్నా బాగా తెలుసు. కాలువ తమ ఊరి పక్కన ఎక్కడ తిరుగుతుందో కూడా గీయమంటే, ఎప్పుడూ నోరు విప్పని వెనక బెంచీ కుర్రవాడు లేచి మీ గీత తప్పని చెప్పినా చెబుతాడు. ఈ పనికి ఇంకో సుగుణం ఉంది, చదవడం రానివాడు కూడా దీన్ని చేయగలడు.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మీ క్లాసులోని గోలకు అసలు వేరు ఇక్కడే ఉందని నా అనుమానం. పాఠాన్ని బెంచీల వరుసన ఒక్కొక్కరి చేత ఒక్కో పేరా బిగ్గరగా చదివించే క్లాసులో కూర్చుని గమనించండి. మొదటి బెంచీలు సాఫీగా సాగుతాయి. ఒక మూల ఉన్నట్టుండి కలకలం మొదలవుతుంది: ఒకడి పెన్ను మూత ఎగిరి పడుతుంది, ఇంకొకడు ముందువాడి చొక్కా లాగుతాడు, "సార్, వీడు చూడండి సార్" అన్న కేక లేస్తుంది. సారు అటు తిరిగి అందరికీ రెండేసి తగిలించేసరికి గంట కొడుతుంది. లెక్క చూసుకుంటే ఆ కలకలం మొదలైన చోటికి చదివే వంతు ఇంకా రెండు బెంచీల దూరంలో ఉంటుంది. కూడబలుక్కుని కూడా చదవలేని పిల్లవాడు నలభై మంది ఎదుట, అందులోనూ ఆడపిల్లల ఎదుట, నవ్వులపాలు కావడం కంటే రెండు దెబ్బలు తినడమే నయమని తేల్చుకున్నాడు. బెత్తం ఆ గదిలో అల్లరిని అణచడం లేదు, చదువు రాలేదన్న సంగతిని దాచిపెట్టడానికి వాడికి సాయం చేస్తోంది. బడి పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2022లో జరిగినప్పుడు గ్రామీణ భారతదేశంలోని ఎనిమిదో తరగతి పిల్లల్లో దాదాపు 30 శాతం మంది రెండో తరగతి స్థాయి పేరాను చదవలేకపోయారు. మీ 58 మందిలోనూ అలాంటివారు పదిహేను మందికి తక్కువ ఉండరనుకుని పని మొదలుపెట్టండి. ఎవరెవరో తెలుసుకోవడానికి ఒక్కొక్కరినీ విడిగా, మధ్యాహ్న భోజనం తరువాత వరండాలో, ఓ పది లైన్లు చదివించి చూడండి. అందరి ముందు మాత్రం వద్దు. తెలుగు సారుతో మాట్లాడి వాళ్లకు గుణింతాల నుంచి మొదలుపెట్టి రోజూ కొంతసేపు చదివించే ఏర్పాటు చేసుకోగలిగితే, పీఈటీ సారు దగ్గరకు వెళ్లిన ముగ్గురిలో ఇద్దరైనా అందులో తేలుతారని నా నమ్మకం.

కొట్టరంటే ఏం చేసినా చెల్లుతుందని క్లాసు అనుకోకూడదు. చార్టు చింపినవాడు దాన్ని అతికించి మళ్లీ గోడకు పెట్టాలి, పక్కవాడి పుస్తకం పాడు చేసినవాడు ఆ పాఠం నోట్సు వాడికి రాసిపెట్టాలి. ఈ మాట మెల్లిగా, ఒకే స్వరంతో, ప్రతిసారీ చెప్పాలి. ఈ రోజు వదిలేసి రేపు మండిపడితే పిల్లలు మీ మాట కాకుండా మీ మూడ్ చూడడం నేర్చుకుంటారు. గట్టివాడితో తేల్చుకోవలసిన విషయం ఏదైనా ఉంటే గుమ్మం బయట, వాడి స్నేహితులు చూడని చోట తేల్చుకోండి. చెయ్యి లేపననుకున్న ఉపాధ్యాయులు కొందరు తెలియకుండానే నోటికి పని చెబుతారు. "నీ బతుక్కి చదువొకటా", "పోయి గొర్రెలు కాసుకో" వంటి మాటలు బెత్తం కంటే ఎక్కువ కాలం గుర్తుంటాయి, చట్టం దృష్టిలో కూడా అవి వేధింపే. ఇంకొక జాగ్రత్త: "రేపు మీ నాన్నను తీసుకురా" అనే ముందు ఆ ఇంటి సంగతి కనుక్కోండి. మనం కొట్టకుండా పంపిన పిల్లవాడు ఇంటి దగ్గర బెల్టు దెబ్బలు తింటే మనం సాధించినదేమీ లేదు. తల్లికి మీరు చేసే మొదటి ఫోను, పిల్లవాడు బాగా చేసిన ఏదో ఒక చిన్న పని చెప్పడానికి అయితే, ఫిర్యాదుతో రెండోసారి చేసినప్పుడు ఆమె మీ పక్షాన నిలబడుతుంది.

చట్టం మాటకొస్తే, స్టాఫ్ రూములో నవ్వుతున్నవారిలో చాలామంది టెట్ (ఉపాధ్యాయ అర్హత) పరీక్షలో దాని మీద వచ్చిన ప్రశ్నకు సరైన జవాబు గుర్తించే ఉంటారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ ఏ పిల్లవాడినీ శారీరకంగా శిక్షించకూడదని, మానసికంగా వేధించకూడదని చెబుతుంది. మీరినవారిపై సర్వీసు నిబంధనల కింద క్రమశిక్షణ చర్య ఉంటుంది. అయితే ఆ చట్టం లెక్కలో పిల్లలంటే ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారే. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు అది వర్తించదని వాదించే సీనియర్ మీకు తప్పకుండా ఎదురవుతారు, ఆ ఒక్క సెక్షన్ వరకు ఆయన మాటలో కొంత నిజం ఉంది కూడా. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అంతకు ఎనిమిదేళ్ల ముందే, 2002 ఫిబ్రవరి 18 నాటి జీవో 16 ద్వారా, 1966 విద్యా నిబంధనల్లోని 122వ నిబంధనను మార్చి బడుల్లో శారీరక దండనను నిషేధించింది. ఇక 2015 బాల న్యాయ చట్టానికి పద్దెనిమిదేళ్లు నిండని వారందరూ పిల్లలే. తన అధీనంలో ఉన్న పిల్లలపై దాడి చేసి అనవసరమైన బాధకు గురి చేసినవారికి ఆ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడే వీలుంది. కొట్టడం ఒక్కటే దండన కాదన్న సంగతి కూడా తెలిసి ఉండాలి. జాతీయ బాలల హక్కుల కమిషన్ 2012లో ఇచ్చిన మార్గదర్శకాల జాబితాలో చెంపదెబ్బ, గిల్లడం, జుట్టు పట్టి లాగడంతో పాటు మన గోడకుర్చీ, బెంచీ ఎక్కించడం, మోకాళ్ల మీద నిలబెట్టడం, తల మీద సంచి పెట్టి నిలబెట్టడం, కాళ్ల సందుల్లోంచి చెవులు పట్టించడం అన్నీ ఉన్నాయి.

ఇంత బలం చట్టంలో ఉన్నా, దాన్ని స్టాఫ్ రూములో చర్చకు వాడకండి. నిన్న గాక మొన్న వచ్చిన కుర్రవాడు సెక్షన్లు చదివి వినిపిస్తే ఇరవై ఏళ్ల సర్వీసున్నవారు వినరు. పైగా, అప్పటిదాకా కొట్టడానికి లోలోపల ఇష్టపడని ఇద్దరు ముగ్గురు కూడా పరువు కోసం అటు పక్కకు జరిగిపోతారు. ప్రతి బడిలోనూ బెత్తం పట్టకుండానే క్లాసును నడిపే ఒకరో ఇద్దరో ఉంటారు, ఎక్కువగా ఆ సంగతి ఎక్కడా చెప్పుకోని మేడం ఎవరో. ఆమె క్లాసు ఎలా నడుస్తుందో వెళ్లి కూర్చుని చూడండి. మీకు తోడు దొరికేదీ అక్కడే. హెచ్ఎం గారితో మాట్లాడేటప్పుడు ఆదర్శాల కన్నా ఆయన బాధ్యత సంగతి ముందు పెట్టండి: ఏ పిల్లవాడికైనా కర్ణభేరి పగిలినా, కన్ను దెబ్బతిన్నా సంజాయిషీ నోటీసు కొట్టిన సారుతో ఆగదు, ఆయన దాకా వస్తుంది. ఫిర్యాదుల పెట్టె, దండన పర్యవేక్షణ విభాగం బడిలోనే ఉండాలని ఆ 2012 మార్గదర్శకాలు చెబుతున్నాయి కనుక, వాటిని పెట్టమని అడగడం తోటి సార్ల మీద ఫిర్యాదు చేయడం అవదు.

చూస్తూ ఊరుకోవాలా అన్నారు. వాతలు తేలినా, రక్తం వచ్చినా, పిల్లవాడు కళ్లు తిరిగి పడిపోయినా ఊరుకోకూడదు. పిల్లవాడిని మొదట ఆసుపత్రికి తీసుకువెళ్లి, ఇంట్లోవాళ్లకు కబురు చేసి, జరిగింది జరిగినట్టు అదే రోజు హెచ్ఎం గారికి రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. కదలిక లేకపోతే మండల విద్యాధికారి (ఎంఈవో), ఆ పైన జిల్లా విద్యాధికారి (డీఈవో) ఉన్నారు, పిల్లలైనా పెద్దలైనా ఫోను చేయడానికి బాలల సహాయ నంబరు 1098 ఉంది. ఫోనులో వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పే పని మాత్రం చేయకండి. ఆ వీడియోలో దెబ్బలు తినే పిల్లవాడి మొహాన్ని వాడు పెద్దయ్యేదాకా ఊరంతా చూస్తూనే ఉంటుంది.

ప్రశ్న: మాది కరీంనగర్ జిల్లా. మా బాబు ఆరో తరగతి. ఇంట్లో చెప్పిన మాట వినడు. "కళ్లు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి, మేమేమీ అనుకోం" అని మా వారు బడికి వెళ్లి చెప్పి వచ్చారు. కొత్తగా వచ్చిన టీచరమ్మ మాత్రం కొట్టనంటోంది. మా మామయ్య గారి కాలంలో అల్లరి పిల్లలకు కోదండం వేసేవారట, అందుకే ఆయనకు ఈ వయసులో కూడా ఎక్కాలన్నీ నోటికి వచ్చు. భయం లేకపోతే చదువు ఎట్లా వస్తుంది?

జవాబు: అమ్మా, మీ వారు ఇచ్చిన అనుమతి చెల్లదు. తల్లిదండ్రులు ఒప్పుకుంటే కొట్టవచ్చన్న మినహాయింపు విద్యా హక్కు చట్టంలో లేదు. కాబట్టి ఆ టీచరమ్మ మీ మాట కాదన్నందుకు నొచ్చుకోకండి. రేపు ఏదైనా జరగరానిది జరిగితే, కొట్టమని చెప్పి వచ్చినవారిని ఎవరూ అడగరు, కొట్టిన ఆమెనే అడుగుతారు.

కోదండం అంటే ఈ తరం పాఠకులకు తెలియకపోవచ్చు. వీధిబడుల్లో దూలానికి తాడు వేలాడదీసి, పిల్లవాడు దాన్ని రెండు చేతులతో పట్టుకుని గాలిలో వేలాడుతుంటే, చేతులు జారే దాకా కింద నుంచి కాళ్ల మీద కొట్టేవారు. మీ మామయ్య గారికి ఎక్కాలు గుర్తుండడం నిజమే. కానీ ఆయనతో పాటు బడిలో చేరి, ఆ తాడు చూసి నాలుగో రోజే బడి ఎగ్గొట్టి, పశువుల వెంట పోయి ఇక పలక పట్టనివాళ్లు ఎందరో ఆయననే అడిగి చూడండి. బడిలో మిగిలినవాళ్లను చూపించి బెత్తం గొప్పదంటున్నాం. పారిపోయినవాళ్ల ఎక్కాలు ఎవరూ అప్పజెప్పించుకోలేదు.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో వెలువరించిన అధ్యయనంలో బడికి వెళ్లే పిల్లల్లో 65 శాతం మంది దెబ్బలు తిన్నామన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన యంగ్ లైవ్స్ అధ్యయనంలోనైతే, ఎనిమిదేళ్ల వయసు వారిలో దాదాపు 78 శాతం మంది గడిచిన వారంలోనే బడిలో దెబ్బలు పడ్డాయని చెప్పారు. భయంతోనే చదువు వచ్చేదైతే మన రెండు రాష్ట్రాల పిల్లలు ఈపాటికి దేశంలో అందరికన్నా ముందుండాలి. మీ బాబు ఏ సబ్జెక్టులో ఎక్కడ వెనకబడ్డాడో ఆ టీచరమ్మను అడగండి, మీ ఇంట్లో సాయంత్రం ఎంతసేపు కూర్చోబెట్టాలో కూడా ఆమెనే అడగండి. కొట్టనన్న టీచరు ఈ ప్రశ్నలకు సంతోషంగా జవాబు చెబుతుంది.

ప్రశ్న: నేను అనంతపురం జిల్లాలో ముప్పై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. చట్టాల పేరుతో మా చేతులు కట్టేశారు. పిల్లలు ఎదురు తిరుగుతున్నారు, ఒక మాట అంటే తల్లిదండ్రులు గుంపుగా మీదికొస్తున్నారు. మీలాంటివారు పిల్లల హక్కులంటారు, మా గోడు ఎవరికి చెప్పుకోవాలి? కనీసం టీసీ ఇచ్చి పంపడమో, ఇంటర్నల్ మార్కులు తగ్గించడమో చేయవచ్చా?

జవాబు: మీ గోడులో న్యాయం ఉంది. బెత్తం తీసేయమన్న ప్రభుత్వాలు దాని బదులు ఉపాధ్యాయుడికి ఇవ్వవలసినవి ఇవ్వలేదు: తగినంత మంది సిబ్బంది లేరు, తీవ్రమైన సమస్యలున్న పిల్లలతో మాట్లాడే కౌన్సిలర్ చాలా బడుల్లో లేరు, హాజరు యాప్‌లకూ భోజనం ఫోటోలకూ పోయే సమయం పిల్లల మీద పెట్టడానికి వీలు లేదు. ప్రాథమికోన్నత తరగతుల్లో 35 మందికి ఒక టీచరు ఉండాలని, జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులు అప్పగించకూడదని చెప్పింది కూడా అదే విద్యా హక్కు చట్టం. సంఘాల వేదికల మీద 17వ సెక్షన్‌ను తిట్టుకునే సమయాన్ని ఆ చట్టంలోని మిగతా సెక్షన్ల అమలు కోసం అడగడానికి వాడితే మీకే లాభం. బడిలోకి వచ్చి ఉపాధ్యాయుడిపై చెయ్యి చేసుకున్న తల్లిదండ్రులపై పోలీసు కేసు పెట్టడానికి మీరు వెనకాడనక్కర్లేదు.

చేతులు కట్టేయడం కొత్తగా జరిగిందేమీ కాదు. ఢిల్లీ పాఠశాల విద్యా నిబంధనల్లో అరచేతి మీద పది బెత్తం దెబ్బలకు మించకుండా కొట్టవచ్చన్న వెసులుబాటు ఉండేది, 2000 డిసెంబరు 1న ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టివేసింది. పైన చెప్పిన మన 2002 జీవో ఆ తరువాత రెండేళ్లు తిరగకుండానే వచ్చింది. అంటే మీ సర్వీసులో ఎక్కువ భాగం నిషేధం ఉన్న కాలమే. తనిఖీకి వచ్చినవారు చూసీ చూడనట్టు పోవడం వల్ల అది లేదనిపించింది, అంతే.

టీసీ విషయం: ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాడినీ బడి నుంచి పంపేయడానికి విద్యా హక్కు చట్టం 16వ సెక్షన్ ఒప్పుకోదు. పై తరగతుల వారికైనా, టీసీ చేతికిచ్చిన మరుసటి రోజు ఆ కుర్రవాడు మేస్త్రీ పనికో, లారీ క్లీనరుగానో వెళతాడని మీకు నాకన్నా బాగా తెలుసు. మార్కుల విషయంలో కూడా వద్దు. ఫార్మేటివ్ (ఇంటర్నల్) మార్కులు పిల్లవాడికి ఏం వచ్చో, ఏం రాలేదో చెప్పడానికి ఉన్నవి; ప్రవర్తన బాగా లేదని లెక్కల్లో కోత పెడితే, వాడు రేపు పదో తరగతిలో ఎక్కడ తప్పుతాడో మీ రిజిస్టరు చూసి మీరే చెప్పలేరు. దానికి బదులు ఒక సంఘటనల పుస్తకం పెట్టి తేదీతో సహా రాసి ఉంచండి, నెలకొకసారి దాన్ని పాఠశాల యాజమాన్య కమిటీ ముందు పెట్టండి. ఆ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉంటారు కనుక, గుంపుగా మీ మీదికి వచ్చేవారికి జవాబు చెప్పే పని అప్పుడు మీ ఒక్కరి మీదే పడదు.